పర్యవసానవాదం

పరి, అవసానం కలిస్తే పర్యవసానం. ‘అవసాన దశ’లో వినిపించే ముగింపు అనే అర్థమే ఇందులోనూ ఉంది. పని మంచిదా చెడ్డదా అన్నది ఫలితాన్ని బట్టే తేల్చాలనే సిద్ధాంతం పర్యవసానవాదం, ఇంగ్లీషులో కాన్సీక్వెన్షియలిజం.

ఆ ఇంగ్లీషు పేరు పెట్టింది ఆ వాదాన్ని మెచ్చినవాళ్లు కాదు, తీవ్రంగా వ్యతిరేకించిన తత్వవేత్త ఎలిజబెత్ ఆన్స్‌కమ్. 1956లో అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డిగ్రీ ఇవ్వబోతే, అక్కడే బోధిస్తున్న ఆమె కుదరదన్నారు. హిరోషిమా, నాగసాకిల మీద బాంబులు వేయించడంతో యుద్ధం త్వరగా ముగిసింది, ఎన్నో ప్రాణాలు దక్కాయి అన్నది ఆయన తరఫు లెక్క. అమాయకుల చావునే సాధనంగా ఎంచుకుంటే, ఫలితం ఏదైనా సరే, అది హత్యేనని ఆమె వాదన. ఆమె మాట నెగ్గలేదు, డిగ్రీ ఇచ్చేశారు.

1958లో ‘మోడర్న్ మోరల్ ఫిలాసఫీ’ అనే వ్యాసంలో ఆమె ‘కాన్సీక్వెన్షియలిజం’ అనే పదం వాడారు, నిందగానే. సిజ్విక్, ఆయన తర్వాతి ఇంగ్లీషు తాత్వికులే ఆమె గురి. వాళ్లకు ముందరి తాత్వికుడైన మిల్‌ను వాళ్లతో ఒకే గాటన కట్టలేదు. ఇప్పుడు మిల్, అంతకు ముందరి తాత్వికుడు బెంథామ్ ఇద్దరినీ ఈ పేరు కిందే చదువుతున్నాం. ఆ వాదాన్ని సమర్థించేవాళ్లూ ఇదే పేరు చెప్పుకుంటున్నారు.

ట్రూమన్ విషయంలో మాత్రం నాకు ఆన్స్‌కమ్ మాటే న్యాయమనిపిస్తుంది.