ఆదోని కొండమెట్లు ఎవరివి?

విజయనగర రాజులకి ఆదోని మీద అంత మక్కువ ఎందుకో ఫెరిష్తా చరిత్రలో కనిపిస్తుంది. ఆ కోట ఎవరికీ లొంగదని వాళ్ల నమ్మకం. ఆపదొస్తే కుటుంబాలు తలదాచుకోవడానికని ఒక్కొక్క రాజూ దానికి ఇంకాస్త చేర్చుకుంటూ పోయాడట.

కోట ఐదు కొండల మీద ఉంది. వాటిలో పెద్దవి బారాకిల్లా, తాలిబండ. మైదానం నుంచి సుమారు 800 అడుగుల ఎత్తు. తాలిబండ సగం ఎత్తులో మంచినీళ్ల చెరువుందనీ, అది ఎండదనీ ప్రతీతి. పైన నీళ్లు, కింద ఎక్కలేని నిటారు రాయి. కోటకి ఇంతకంటే ఏం కావాలి? అలాంటి చోట మెట్టు ఎంత ఇరుకైతే అంత మేలు. అందరూ ఎక్కగలిగితే అది కోట ఎలా అవుతుంది!

అయితే చరిత్ర మెల్లమెల్లగా కొండ దిగింది. తళ్లికోట యుద్ధం 1565లో జరిగితే, మూడేళ్లకి ఆదోని బీజాపూర్ చేతికొచ్చింది. బీజాపూర్ తరఫున ఇక్కడ ఏలిన సిద్ది మసూద్ ఖాన్ జామియా మసీదుని కింద ఊళ్లోనే కట్టించాడు. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ ముట్టడించినప్పుడు ఫిరంగుల్ని ఆ మసీదు వైపు తిప్పాడనీ, అది కూలిపోతుందన్న బెంగతో ఖాన్ కోట అప్పగించేశాడనీ ఒక కథ. కథే కావచ్చు. కానీ అప్పటికే ఊరి ప్రాణం కొండ మీద లేదని అది చెప్తోంది.

1786లో టిప్పు వచ్చేనాటికి కోటలో ఉన్నది నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ కుటుంబం. సాయానికొచ్చిన సైన్యాలు తుంగభద్ర పొంగకముందే వాళ్లని నది దాటించి తీసుకెళ్లాయి. కుటుంబాలకి ఆశ్రయమనుకున్న కోట నుంచి ఆఖరికి కుటుంబమే వెళ్లిపోయింది. టిప్పు బురుజులు పడగొట్టించాడు. 1800లో సీమ ఇంగ్లీషువాళ్లకి దక్కాక కలెక్టర్ మన్రోకి కావలసింది శిస్తు. అది పండేది కింద నల్లరేగడిలో.

ఆ తర్వాత ఈ ప్రాంతం బలమంతా మైదానానిదే. ఆదోనికి పత్తి. పక్కనే చదునునేల మీదున్న ఎమ్మిగనూరుకి మగ్గం. 1938లో మాచాని సోమప్ప అక్కడ నిలబెట్టిన చేనేత సహకార సంఘానికి ఏ కొండా అక్కర్లేకపోయింది.

మరి కొండెక్కేదెవరు? రణమండల ఆంజనేయస్వామి దగ్గరికి పోయే మామూలు జనం. చంకలో పిల్లలు, చేతిలో కొబ్బరికాయ, నాలుగు మెట్లకోసారి ఆయాసం. కావలివాడు లేడు, ఎవరి మనిషివని అడిగేవాడు లేడు. రాజులు కట్టించిన గోడలు శిథిలమైనా మెట్లదారి బతికే ఉందంటే, అది ఈ జనం కాళ్ల చలవే.

కోటని కాపాడుకోవాలని మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. కంచె వేసి, బోర్డు పెట్టి వదిలేస్తే అది మళ్లీ ఎవరూ ఎక్కని కొండే అవుతుంది. రణమండల మెట్ల మీద ఆయాసపడే జనానికి కోటవైపు కూడా ఒక మంచి దారి వేస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు.