ఉద్యానములందలి విగ్రహములు

రాతికి మరణము లేదని మనవారు తలతురు. కాని రాతివిగ్రహమునకు మనుష్యునికంటె హెచ్చుగా దశలు మాఱుచుండును. ఒకనాడు పూలమాలలందుకొన్న విగ్రహమునకు మఱియొకనాడు కావలి పెట్టవలసివచ్చును. పిమ్మట నది బండినెక్కి చోటు మాఱును. పదిమందికి చెందిన తోటలో ఎవరి స్మృతికి చోటుండవలెనను ప్రశ్నయే యీ మార్పులకెల్ల మూలము.

కాన్పూరు వృత్తాంతము చూడుడు. 1857వ సంవత్సరము జూలైలో అచ్చటి బీబీఘర్ అను నింట బందీలుగానున్న ఆంగ్లేయకుటుంబముల స్త్రీలును శిశువులును చంపబడి, చేరువనున్న నూతిలో పడవేయబడిరి. ఏ ధర్మమునకును సమ్మతముగాని ఘోరమిది. పిమ్మట వచ్చిన సేనాని నీలు, ఉరిశిక్ష విధింపబడినవారిచేత ముందుగా ఆ యింటి నెత్తురు కడిగించి, వారి కులాచారములను బుద్ధిపూర్వకముగా భంగపఱచి, ఆపైని ఉరితీయించెను. తరువాత దొరలు ఆ నూతిపై మారొచెట్టి అను శిల్పి చెక్కిన దేవదూత పాలరాతివిగ్రహమును నిలిపి, చుట్టును తోట వేయించిరి. అనుమతిపత్రము లేనిదే భారతీయుడు అందు అడుగిడరాదు. దుఃఖించుటకుగూడ ఒక జాతికే హక్కున్నట్లాయెను! స్వాతంత్ర్యానంతరము ఆ విగ్రహమును అచ్చటి స్మారకచర్చి ఆవరణమునకు తరలించిరి. తోట నానారావు పార్కను పేర అందఱిదియు నయ్యెను.

ఆ నీలునకే మదరాసు మౌంటురోడ్డున విగ్రహముండెడిది. అతడు మదరాసు ఫ్యూజిలీర్సు అను పటాలమునకు నాయకుడై వెడలి, 1857 సెప్టెంబరు 25వ తేదీన లక్నోలో మడిసెను. 1927లో ఆ విగ్రహమును తొలగింపవలెనని సత్యాగ్రహము సాగగా, స్వచ్ఛందసేవకులు పలువురు చెఱసాలలకేగిరి. పదేండ్లకు, 1937లో, రాజగోపాలాచారిగారి మంత్రివర్గకాలమున, అది మ్యూజియము చేరెను. దానిని పొడిచేసినచో ఒక పూట కోపము తీరియుండును. నీలు యెవడో, అతనిని కొనియాడినవారెవరో చూపు సాక్ష్యము మాత్రము పోయియుండును.

ఢిల్లీలో ఇండియాగేటు చెంత రాతిమంటపమున నిలిపిన అయిదవ జార్జి విగ్రహమును 1968లో కారొనేషన్ పార్కునకు పంపిరి. 1911లో ఆ చక్రవర్తి దర్బారు తీర్చి, రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చుచున్నట్లు ప్రకటించినది ఆ స్థలముననే. వైభవము చాటిన చోటనే అతని విగ్రహము ఏకాంతముగా నిలుచుట కాలము చేసిన వ్యాఖ్యానము. మంటపము అర్ధశతాబ్దమునకుపైగా శూన్యముగానుండి, 2022 సెప్టెంబరు 8వ తేదీన సుభాసుచంద్రబోసుగారి 28 అడుగుల విగ్రహమునకు స్థానమయ్యెను. దానికై తెచ్చిన 280 టన్నుల నల్లరాయి మన ఖమ్మముసీమది.

వీనినిబట్టి తేలునదేమి? గౌరవస్థానము వేఱు, జ్ఞాపకస్థానము వేఱు. తోట నడుమ ఎత్తైన పీఠముపై నిలుపుట గౌరవము. దానికి అర్హుడు గానివానిని దింపుట న్యాయమే. కాని దింపుట మఱపునకు దారితీయరాదు. కాన్పూరు నూతిలోని శిశువులును, ఆ పట్టణమున ఉరికంబమెక్కినవారును మన చరిత్రలోనివారే. ఒకరి దుఃఖమునకై మఱియొకరి దుఃఖమును కప్పిపుచ్చుట చరిత్ర గాదు, పక్షపాతము.

కావున విగ్రహమును నిలిపినను, తరలించినను, దాని కథను దేశభాషలో, సామాన్యునకు తెలియునట్లు, పలకపై వ్రాయించుట పురపాలకుల విధి. ఆ పలకలో మెచ్చుకోలు తగ్గి, నిజము హెచ్చవలెను. ఇక గృహస్థులకును ఒక విధి కలదు. సాయంకాలము తోటకు తీసికొనిపోయిన బిడ్డ వ్రేలు చూపి “ఈయన యెవరు?” అని యడిగినపుడు, “ఎవరో గొప్పవారు” అని దాటవేయక, వారు చేసిన మేలును కీడును రెండును చెప్పుడు. అట్లు విని పెరిగిన బిడ్డ పీఠముపైనున్నంతమాత్రమున ఎవనికిని మ్రొక్కడు. పీఠము దిగినంతమాత్రమున ఎవనిని మఱువడు.