కంచె లోపలి బస్తర్

బస్తర్ చరిత్ర అనగానే మనకు తోచేవి అడవి, తిరుగుబాట్లు, ఓరుగల్లు పతనమయ్యాక అటు వెళ్లి రాజ్యం స్థాపించాడని చెప్పే కాకతీయ అన్నమదేవుడు. పుస్తకాలూ ఎక్కువగా ఈ దారినే నడిచాయి. 1927 నుంచి 1931 దాకా ఆ సంస్థానాన్ని పాలనాధికారిగా నడిపి, ఆ తర్వాత నిజాం కొలువులో రెవెన్యూ సభ్యుడిగా పనిచేసిన గ్రిగ్‌సన్ 1938లో మాడియా గోండుల మీద పెద్ద గ్రంథం వేశాడు. దాన్ని ఎప్పుడు తలుచుకున్నా పెందా గురించే, అంటే మన పోడు గురించే తలుచుకుంటారు. గుడిసె వెనక కర్రలు పాతి, వెదురు అల్లి, పశువులు దూరకుండా కాపాడుకునే కాస్త నేలను అక్కడ బాడి అంటారు. మన పెరడే. ఆ బాడి ఈ చరిత్రల్లో ఇంటి వర్ణనలో ఒక వాక్యంగా మిగిలిపోయింది. గడిచిన నాలుగైదు వందల ఏళ్లలో బస్తర్ తిండి ఎంతగా మారిందో చూస్తే, ఆ మార్పుకు తలుపు తీసింది అడవీ కాదు, వరిమడీ కాదు, ఈ బాడి అని నా అభిప్రాయం.

దీనికి పెద్ద సాక్ష్యం మొక్కలే. మొక్కజొన్న, మిరప, పొగాకు, గుమ్మడి, టమాటా, చిలగడదుంప అన్నీ అమెరికా ఖండాల మొక్కలు. 1500కు ముందు ఇవి మన దేశంలో ఏ మూలా లేవు. సముద్రానికి అంత దూరాన, బండ్ల బాటలు కూడా సరిగా లేని కొండల నడుమ, గ్రిగ్‌సన్, మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ వెళ్లేసరికి ఇవి పరాయివన్న ఊహే లేకుండా కలిసిపోయి ఉన్నాయి. ఎల్విన్ 1947లో మురియా గోండుల ఘోటుల్, అంటే పడుచువాళ్ల ఉమ్మడి శాల, మీద అచ్చువేసిన పుస్తకంలో పొగాకు పడుచుపిల్లల మర్యాదల్లో ఒక భాగం. వీటిని ఏ రాజూ తెప్పించలేదు, ఏ వ్యవసాయ శాఖా పంచలేదు. సంతలో మూటతో, పెళ్లయి వచ్చిన కోడలి కొంగులో, చుట్టాల చేతుల మీదుగా గుప్పెడు గింజలుగా, చిలగడదుంప అయితే తీగ ముక్కగా, వచ్చి ఉండాలి. గుప్పెడు గింజల్ని ఎవరూ పెందాలో చల్లి పోగొట్టుకోరు. కళ్ల ముందు, కంచె లోపల, బూడిద, పేడ పడే చోట వేసి చూస్తారు. జోంద్రా అని పిలిచే మొక్కజొన్న సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. తొలకరికి విత్తితే, పాత ధాన్యం గాదె అడుగంటే శ్రావణ భాద్రపదాల్లో లేత కండె చేతికొస్తుంది. పల్లపు వరి కోతకు అప్పటికింకా రెండు మూడు నెలలుంటుంది. ఏడాదిలో అతి కష్టమైన ఆ వారాలను దాటించిన పంటను చిన్న పంట అనడం కష్టం.

బాడికి అంత ప్రాముఖ్యం ఉంటే కాగితాల్లో ఎందుకు కనబడదు అని అడగవచ్చు. కాగితం రాసినవాడికి కావలసింది వేరు. బస్తర్‌లోని బారసూరులో 1060 నాటి తెలుగు శాసనం ఉంది. చంద్రాదిత్యుడనే సామంతుడు గుడి కట్టించాడని, చెరువు తవ్వించాడని, ఊరు కొని దేవుడికిచ్చాడని చెబుతుంది. దాత పేరు నిలిపేవి అవే. తర్వాతి పాలకులకు పన్ను తెచ్చిన భూమే భూమి. ఇంటావిడ సొరపాదుకు పన్ను లేదు కనుక లెక్కా లేదు. లెక్కలో లేకపోవడం, ఉనికిలో లేకపోవడం ఒకటి కావు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది: బస్తర్ ప్రజలు ప్రాణాలిచ్చింది అడవి కోసం, పెరటి కోసం కాదు. నిజమే. 1905లో అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలని తలపెట్టడం, పోడును, వేటను ఆపడం 1910 నాటి భూంకాల్ తిరుగుబాటుకు ముఖ్య కారణాలు. నేతానార్ ఊరి నాయకుడు గుండాధూర్ పేరు ఆ పోరాటంతోనే నిలిచింది. అయితే ఆ తిరుగుబాటులో సంతలు కొల్లగొట్టారు, ధాన్యం పంచుకున్నారు. ఆకలి ఎక్కడ ఉందో అదే చెబుతోంది. పెందా మూసుకుపోయిన ఊళ్లో ఫారెస్టు గార్డు అడగని సాగు ఏది మిగిలింది? అడవి పోయినకొద్దీ కంచె లోపలి నేల మీద భారం పెరిగిందనుకోవడమే సబబు.

అన్ని మొక్కలకూ బాడి ఒకేలా చోటివ్వలేదు. ఉల్లిని తీసుకోండి. పెద్ద ఉల్లి విత్తితే ఒక ఏడు గడ్డ, మరుసటి ఏడు పువ్వు, గింజ. ఆ గింజ కూడా ఏడాది తిరిగేసరికి మొలకశక్తి పోగొట్టుకుంటుంది. మనం సాంబారు ఉల్లి అనే చిన్న ఉల్లి అలా కాదు. పాయనే నాటితే చుట్టూ ఐదారు పాయల గుత్తి, రెండు మూడు నెలల్లో పంట. ఆకు పసుపెక్కి వాలిపోయాక పీకి, ఆకుతోనే నీడన ఆరబెట్టి, మెడ ఎండాక గుత్తులు కట్టి గాలి తగిలేచోట వేలాడదీస్తే, తినగా మిగిలినవే మళ్లీ విత్తనం. ఇంతకన్నా పెరటికి తగిన మొక్క లేదనిపిస్తుంది. కానీ ఉల్లి చలికాలపు పంట, తడి అడుగుతుంది. బాడి వాన మీద బతికే నేల. వరి కోతలవగానే పశువుల్ని వదిలేస్తారు. అప్పుడు కంచె ఎంత గట్టిదైనా నీళ్లు మోసేవాళ్లు కావాలి. మళ్లీ జూన్ నుంచి నాలుగు నెలలు ఎడతెగని ముసురు. వేలాడదీసిన గుత్తి చెమ్మకు మొలకెత్తుతుంది, లేదా కుళ్లుతుంది. అందుకే ఇలాంటి పంటలు ఏతం తొక్కి నీళ్లు పెట్టే మరార్ తోటమాలుల చేతుల్లోకి, వాళ్లనుంచి సంతలోకి పోయి ఉంటాయి. బస్తర్‌లోని ధోరాయి సంతను గమనించి 1982లో వ్యాసం రాసిన ఆల్‌ఫ్రెడ్ గెల్, ఖరీదైన సరుకు నడుమ, స్థానికులు తెచ్చిన పంట అంచున ఉండే అమరికలో సమాజంలోని హోదాలే కనిపిస్తాయన్నాడు. బాడి సంతకు పోయినప్పుడు దాని చోటు ఆ అంచు.

బాడి నిలిచింది దాచుకోవడం వల్ల. జోంద్రా కండెల్ని పొట్టుతోనే జడకట్టి పొయ్యి పైన పొగలో వేలాడదీయడం, గింజల్ని బూడిదలో కలపడం, ఎండిన సొరబుర్రలో పోసి మూతి బిగించడం, అడ్డాకులో చుట్టి కట్టడం. పొగా బూడిదా పురుగును ఆపుతాయి, ఆకుమూట చెమ్మను తగ్గిస్తుంది. మాటీ తిహార్ అనే నేల పండుగలో విత్తనాల ఆకుమూటను, బీజ్‌పుట్నిని, నేలతల్లికి అర్పిస్తారు. మన ఏజెన్సీ కోయలకు విజ్జా పండుం, అంటే విత్తనాల పండుగ, ఉంది. కొత్త పంటకు పండుం చేయకుండా నోట పెట్టకూడదన్న కట్టుబాటు రెండు వైపులా ఉంది. ఇది విత్తనం కాపాడుకునే ఉపాయమే అని తేల్చేస్తే భక్తిని చిన్నబుచ్చినట్టవుతుంది. కానీ చిక్కుడును లేతగానే కోసి అవగొట్టకుండా ఆ కట్టుబాటు కొన్ని వారాలు ఆపుతుందన్నది కూడా నిజం. రెండూ ఉండవచ్చు.

2019లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం వాగు, పశువు, పెంట, పెరడు అంటూ నర్వా, గర్వా, ఘుర్వా, బాడి పథకం ప్రకటించినప్పుడు బాడి మొదటిసారి సర్కారు కాగితాల్లో అంత పెద్ద అక్షరాల్లో కనబడింది. ఇంతలో జోంద్రా కంచె దాటేసింది. కొండగావ్ జిల్లాలో అది ఇప్పుడు అమ్ముడు పంట, దాంతో ఇథనాల్ తీసే సహకార కర్మాగారం పెట్టారు. అక్కడికి వెళ్లే హైబ్రిడ్ కండెను పొయ్యి మీద ఎంత జాగ్రత్తగా వేలాడదీసినా లాభం లేదు. మరుసటి ఏడు అదే పంట రాదు, విత్తనం మళ్లీ కొనాలి. వేలాడదీసే కండె ఇంకా బాడిలో, లేత కండె కోసం వేసిన నాలుగు సాళ్ల నుంచే వస్తుంది.