ప్రాగ్ పాత యూదు శ్మశానం

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లో, వల్టావా నదికి దగ్గరగా, ఒకప్పటి యూదుల పేట అయిన యోసెఫోవ్‌లో ఉన్న శ్మశానం ఇది. 15వ శతాబ్దం తొలి సగంలో మొదలై 1787 వరకూ వాడుకలో ఉంది. నేడు పైకి కనిపించే సమాధి రాళ్ళు దాదాపు 12,000. మట్టి కింద ఉన్న సమాధులు అంతకన్నా చాలా ఎక్కువ.

రాళ్ళన్నీ ఒకదాని మీదికి ఒకటి ఒరిగి, కిక్కిరిసి ఉంటాయి. చూడగానే ఆలనాపాలనా లేక ఇలా అయిందేమో అనిపిస్తుంది. కానీ ఆ రూపం వెనక ఉన్నది శతాబ్దాల పట్టుదల. పూడ్చిన మనిషిని కదిలించకూడదనీ, ఒకరి సమాధిని తవ్వి ఆ చోటు ఇంకొకరికి ఇవ్వకూడదనీ యూదు ధర్మం చెబుతుంది. యూదులేమో అప్పట్లో తమ పేట దాటి ఇష్టం వచ్చిన చోట నేల కొనుక్కోలేకపోయేవారు. పక్క స్థలాలను కొన్నిసార్లు కొని కలుపుకున్నా చాలలేదు. అందుకే పాత సమాధుల మీద మట్టి పోసి, దాని మీద కొత్తవారిని పూడ్చారు. కింది సమాధి రాయిని పైకి తెచ్చి కొత్త రాయి పక్కనే నిలిపారు. కొన్నిచోట్ల ఇలా 12 పొరల దాకా పేరుకున్నాయి. వేర్వేరు కాలాలవాళ్ళ రాళ్ళు పక్కపక్కన చేరడానికి కారణం ఇదే.

అన్నిటికన్నా పాత రాయి రబ్బీ (యూదు మతగురువు), కవి అవిగ్దోర్ కారాది. ఆయన 1439లో మరణించాడు. 1389లో ప్రాగ్ యూదులపై జరిగిన ఊచకోత నుంచి బయటపడి, చనిపోయినవారి కోసం హీబ్రూలో విలాపగీతం రాశాడు. తొలినాటి రాళ్ళు సాదా ఇసుకరాతి పలకలు, వాటిమీద హీబ్రూ అక్షరాలు మాత్రమే ఉండేవి. తర్వాత బొమ్మలు చేరాయి. పూజారి వంశమైన కోహెన్‌లకు ఆశీర్వదించే చేతులు, ఆలయ సేవకుల వంశమైన లేవీయులకు నీళ్ళ కూజా, దర్జీకి కత్తెర చెక్కారు. ఇంటిపేరును బట్టి సింహం, జింక, చేప, కోడిపుంజు కూడా కనిపిస్తాయి. చరిత్రకారుడు, ఖగోళ పండితుడు డేవిడ్ గాన్స్ (మరణం 1613) రాయి మీద దావీదు నక్షత్రం, పెద్దబాతు ఉన్నాయి. తర్వాతి కాలంలో పాలరాయి వచ్చాక చెక్కడపు పనితనం మరింత పెరిగింది.

ఎక్కువమంది వెతుక్కుంటూ వచ్చేది 1609లో మరణించిన రబ్బీ యూదా లోవ్ బెన్ బెజలేల్ సమాధికే. మట్టితో గోలెమ్ అనే మనిషిని చేసి ప్రాణం పోశాడన్న కథ ఆయన పేరుకు చాలాకాలం తర్వాత అతుక్కుంది. ఆయన అసలు కీర్తి ఆయన తాత్త్విక గ్రంథాలది. వచ్చినవాళ్ళు ఆ సమాధి మీద గులకరాళ్ళు పెట్టి, కోరికలు రాసిన చీటీలు దోపి వెళ్తుంటారు. 1601లో పోయిన మోర్దెకాయ్ మైసెల్ కూడా ఇక్కడే ఉన్నాడు. యూదుల పేటలో వీధులకు రాళ్ళు పరిపించి, ప్రార్థనామందిరం కట్టించిన సంపన్నుడాయన. రచయిత కాఫ్కా సమాధి మాత్రం ఇక్కడ లేదు, నగరంలోని కొత్త యూదు శ్మశానంలో ఉంది.

రెండవ జోసెఫ్ చక్రవర్తి నగరం లోపల శవాలను పూడ్చడాన్ని నిషేధించడంతో 1787 తర్వాత ఇక్కడ ఖననాలు ఆగాయి. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో పేటలో చాలా భాగాన్ని కూల్చి కొత్త వీధులు వేసినప్పుడు శ్మశానంలో కొంత భాగం పోయింది.

ఈ స్థలం పేరుతో పుట్టిన ఒక అబద్ధాన్నీ చెప్పుకోవాలి. 1868లో హెర్మన్ గోడ్‌షె అనే జర్మన్ రచయిత, యూదు పెద్దలు రాత్రివేళ ఈ శ్మశానంలో చేరి లోకాన్ని ఏలడానికి కుట్ర పన్నినట్టు తన ‘బియారిట్జ్’ నవలలో కల్పించాడు. ఆ కల్పనను జరిగిన సంగతిగా కరపత్రాల్లో అచ్చువేసి పంచారు. ‘ప్రోటోకాల్స్ ఆఫ్ ది ఎల్డర్స్ ఆఫ్ జియాన్’ అనే దొంగ పత్రానికి అదొక మూలం. ఆ పత్రాన్ని నాజీలు ప్రచారానికి వాడుకున్నారు. శ్మశానాన్ని ఆనుకుని ఉన్న పింకాస్ ప్రార్థనామందిరం గోడల మీద, నాజీల చేతిలో హతమైన బొహీమియా, మొరావియా యూదులు దాదాపు 80,000 మంది పేర్లు రాసి ఉన్నాయి.

1906లో ఏర్పడిన ప్రాగ్ యూదు మ్యూజియం 1950లో కమ్యూనిస్టు ప్రభుత్వం చేతికి పోయి, 1994లో తిరిగి యూదు సమాజానికి దక్కింది. శ్మశానం సంరక్షణ ఇప్పుడు ఆ మ్యూజియానిదే. సందర్శకులు తమకు కేటాయించిన బాట మీదుగానే నడవాలి.