ఉక్కు తీగ నుండి నైలాను తంత్రికి

గిటారు నేర్చే యువతీయువకులు ఈనాడు మన పట్టణాలలో తక్కువగా లేరు. వారిలో చాలమంది మొదట చేతబట్టేది ఉక్కు తీగల గిటారు. రెండు మూడేండ్లు దానిమీద పాటలకు సహకారంగా వాయించిన తరువాత, ఏ రికార్డులోనో స్పెయిన్ దేశపు శాస్త్రీయ గిటారు వినబడుతుంది. మెత్తనిదై, నిండుదనం గల ఆ నాదం మనస్సును పట్టుకొంటుంది. అటువంటి వాద్యం ఒకటి కొనవలెనన్న కోరిక పుడుతుంది. దుకాణానికి వెళితే రెండు గిటారులూ అక్కచెల్లెళ్ళ వలె పక్కపక్కనే వేలాడుతూ ఉంటాయి. రూపంలో తేడా స్వల్పం. ఇంటిలో ఉన్న గిటారుకే నైలాను తంత్రులు బిగించుకొంటే పోలేదా అన్న సందేహం రావడం సహజమే. కాని ఈ రెండూ ఒకే ఇంట పుట్టి, వేరు కాపురాలు పెట్టి, నూరేండ్లుగా వేరువేరు బరువులు మోస్తున్న వాద్యాలు. ఆ చరిత్ర తెలిస్తేనే ఎన్నిక సులభమవుతుంది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా కచేరీ గిటారుకు గొఱ్ఱె ప్రేగులతో పేనిన తంత్రులు కట్టేవారు. మంద్రస్వరాలకు పట్టుదారం మీద సన్నని లోహపు తీగ చుట్టి వాడేవారు. వాద్యం చిన్నది, నాదం సున్నితం. దానికి నేటి ఆకృతి నిచ్చినవాడు అంతోనియో దె తోర్రెస్. ఆయన 1817లో దక్షిణ స్పెయిన్‌లోని అల్మేరియా సమీపాన పుట్టాడు. వృత్తిచేత వడ్రంగి. సెవీయా నగరంలో గిటారులు చేయడం ఆరంభించి, వాద్యం పొట్టను పెద్దది చేశాడు, పైపలకను పలుచన చేశాడు. ఆ పలక అడుగున విసనకఱ్ఱ వలె విచ్చుకొన్న ఏడు సన్నని బద్దలను అతికించాడు. బద్దల పద్ధతి అంతకు మునుపే ఉన్నా, దానిని పరిపూర్ణం చేసిన కీర్తి ఈయనకే దక్కింది. మేరువు నుండి గుర్రం వరకు తంత్రి నిడివి సుమారు 65 సెంటీమీటర్లు అన్న కొలత ఆయన వాద్యాల వల్లనే స్థిరపడింది.

నాదమంతా పైపలకలోనే ఉన్నదని తోర్రెస్ నమ్మకం. దానిని నిరూపించడానికి 1862లో ఒక విచిత్రమైన గిటారు చేశాడు. పైపలక మాత్రం మేలైన స్ప్రూస్ కొయ్య, పక్కలూ వెనుకభాగమూ వట్టి అట్ట! ఆ గిటారు నేటికీ బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. వెనుకపలక మీది నగిషీ చూసి వేలకు వేలు పోయడానికి సిద్ధపడేవారు ఒక్క నిమిషం ఈ అట్ట గిటారును తలచుకోవడం మంచిది. ఇంత చేసినవాడికీ పనితనం కూడు పెట్టలేదు. 1870 ప్రాంతంలో గిటారుల పని మాని, స్వగ్రామ ప్రాంతంలో పింగాణీ సామానుల అంగడి పెట్టుకొన్నాడు. 1875లో గాని తిరిగి ఉలి పట్టలేదు.

అంగడి పెట్టుకొనడానికి కొంచెం ముందు, 1869లో, తోర్రెస్ దగ్గరకు పదిహేడేండ్ల బాలుడొకడు గిటారు కొనడానికి వచ్చాడు. తోర్రెస్ మొదట ఒక సామాన్యమైన వాద్యం చూపించాడట. కుఱ్ఱవాడు దానిపై వాయించినది విని, లోపలికి వెళ్ళి, తన కోసం 1864లో చేసి ఉంచుకొన్న గిటారును తెచ్చి చేతిలో పెట్టాడని చెబుతారు. ఆ బాలుడే ఫ్రాన్సిస్కో తార్రెగా. శాస్త్రీయ గిటారు వాదనానికి నేటి బాణీ చాలవరకు ఆయనతోనే వచ్చింది.

ఇక రెండవ కాపురం. సాక్సనీ ప్రాంతంలో 1796లో పుట్టి, వియన్నాలో స్టౌఫర్ అనే ప్రసిద్ధ శిల్పి వద్ద పని చేసిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో న్యూయార్కుకు వలసపోయి, తరువాత పెన్సిల్వేనియాలోని నాజరెత్ గ్రామంలో స్థిరపడ్డాడు. పైపలక అడుగున రెండు బద్దలను గుణకారపు గుర్తు వలె అడ్డంగా దాటించే పద్ధతి 1840 దశకంలో ఆయన గిటారులలో కనబడుతుంది. అప్పటికి అవి కూడ ప్రేగు తంత్రుల వాద్యాలే. ఉక్కు తీగ ప్రాబల్యం తరువాతి సంగతి, దానికి ముఖ్యమైన ప్రేరణ హవాయి దీవుల నుండి వచ్చింది. గిటారును ఒడిలో పరుండబెట్టి, తీగలపై ఇనుపకడ్డీని జార్చి వాయించే ఆ ద్వీపవాసుల సంగీతం 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన మహా ప్రదర్శనంతో అమెరికా అంతటా వ్యాపించింది. ఆ జారుడు వాదనానికి ఉక్కు తీగ కావాలి. 1922 నుండి మార్టిన్ సంస్థ ఉక్కు తీగలకై గట్టిపరచిన గిటారులు తయారుచేయసాగింది. ఆ దశాబ్ది ముగిసేసరికి అదే రివాజయింది. మెడలో ఉక్కు కడ్డీ ఇమిడ్చే పద్ధతిని గిబ్సన్ సంస్థ తెచ్చింది. పొట్టను మెడ కలిసేచోటు పన్నెండవ మెట్టు నుండి పదునాలుగవ మెట్టుకు జరిగింది.

మన దేశానికి గిటారు మొదట బాగా పరిచయమైనది ఈ హవాయి రూపంలోనే. సినిమా పాటల బాణీలను హవాయి గిటారుపై రేడియోలో విన్నవారు మన శ్రోతలలో ఎందరో ఉన్నారు. 1967లో శివకుమార్ శర్మ సంతూరు, హరిప్రసాద్ చౌరసియా వేణువులతో కలిసి బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు పలికిన రికార్డు దేశమంతటా మారుమోగింది. పైగా మన వీణకూ లోహపు తీగలే గదా! అందువల్ల ఉక్కు పలుకే గిటారు సహజస్వరమని మన చెవికి తోస్తే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు అసలు విషయం. మామూలు ఉక్కు తీగలు ఆరూ కలిసి గుర్రాన్ని సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. నైలాను తంత్రుల లాగుడు 40 కిలోల ప్రాంతం. ఉక్కు గిటారు పైపలకను ఆ బరువుకు తగినంత దృఢంగా కడతారు. దానికి నైలాను తంత్రులు కడితే పలక కదలదు, నాదం మూగపోతుంది. శాస్త్రీయ గిటారుకు ఉక్కు తీగలు బిగించడం ఇంకా ప్రమాదం. పైపలక ఉబ్బుతుంది, మెడ వంగుతుంది, ఒకనాడు గుర్రమే ఊడి చేతికి వస్తుంది. నాలుగు రోజులు బాగానే మ్రోగిందని ధైర్యపడేవారు ఉంటారు. కొయ్య లొంగడానికి నాలుగు రోజులు చాలవు.

అయితే ఈ నియమాన్ని కాదన్న మహానుభావుడు ఒకడున్నాడు. పరాగ్వే దేశంలో 1885లో పుట్టిన అగుస్తీన్ బార్రియోస్ శాస్త్రీయ గిటారుపై లోహపు తీగలు కట్టి వాయించేవాడు. కీచుదనం తగ్గడానికి గుర్రం దగ్గర రబ్బరు ముక్కలు అమర్చుకొనేవాడు. ‘లా కాతెద్రాల్’ వంటి ఉత్తమ రచనలు చేసినా, ఈ తీగల కారణంగా ఆయనను చిన్నచూపు చూసినవారు ఉన్నారు. స్పానిష్ విద్వాంసుడు ఆంద్రేస్ సెగోవియాకు కూడ ఆ లోహనాదం రుచించలేదు. బార్రియోస్ 1944లో సాన్‌సాల్వదోర్‌లో మరణించాడు. 1977లో జాన్ విలియమ్స్ ఆయన రచనలతో ఒక పూర్తి రికార్డు వెలువరించిన తరువాత గాని ప్రపంచం ఆయన విలువను సరిగా గుర్తించలేదు. తీగను చూసి మనిషిని తూచడం అన్యాయమని నా అభిప్రాయం. కాని ఆయన రచనలను నేడు వాయించే విద్వాంసులు నైలాను తంత్రులనే వాడుతున్నారన్నదీ మరువరాదు.

నైలాను రావడం యుద్ధపు పుణ్యం. ప్రేగు తంత్రులు మధురమైనవే గాని, చెమటకు చివికేవి, వాతావరణం మారితే శ్రుతి తప్పేవి, కచేరీ మధ్యలో తెగేవి. రెండవ ప్రపంచయుద్ధంలో శస్త్రచికిత్సల కుట్లకు ప్రేగుదారం అవసరమై, వాద్యాలకు కరువు ఏర్పడింది. 1935లో డూపాంట్ ప్రయోగశాలలో పుట్టిన నైలానును న్యూయార్కులోని ఆల్బర్ట్ ఆగస్టీన్ అనే గిటారు శిల్పి, సెగోవియా ప్రోత్సాహంతో తంత్రిగా మలచాడు. 1940 దశకం చివరికి అవి బజారులోకి వచ్చాయి.

ఆ సెగోవియా తన వాద్యాన్ని ఎన్నుకొన్న తీరు గమనించదగినది. ఇరువది ఏండ్లయినా నిండని రోజులలో, 1912లో, మాద్రిద్‌లో కచేరీకి ఒక గిటారు అద్దెకు తీసుకోదలచి మానుయెల్ రామీరెస్ కార్ఖానాకు వెళ్ళాడు. అతని వాదన విన్న రామీరెస్ డబ్బు పుచ్చుకోకుండ ఒక గిటారు ఇచ్చివేశాడు. పాతికేండ్లు ఆయన దానినే వాయించాడు. 1924లో మ్యూనిక్‌లో దానిని చూసిన హెర్మన్ హౌసర్ అటువంటిది చేయాలని పూని, ఏండ్ల తరబడి ఒకదాని వెంట ఒకటి చేసి చూపించాడు. 1937లో చేసినదానిని గాని సెగోవియా తన కచేరీ వాద్యంగా స్వీకరించలేదు. ఆ రెండు గిటారులూ నేడు న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో ఉన్నవి.

మనకు హౌసర్ దొరకడు గనుక దుకాణంలో ఏమి చూడవలెనో చెప్పుకొందాం. ముందు ఎడమచేతికి తెలిసే మార్పు మెడ వెడల్పు. మేరువు దగ్గర ఉక్కు గిటారుకు సుమారు 43 మిల్లీమీటర్లుంటే దీనికి 52. పైగా బల్లపరుపుగా ఉంటుంది. మొదటి నెల ఇబ్బంది పడి, సన్నని మెడ గల గిటారు కోసం వెదకడం పొరపాటు. కుడిచేతి వ్రేళ్ళు విడివిడిగా మీటడానికి ఆ ఎడం అవసరం. చేయి నిజంగా చిన్నదైతే తంత్రి నిడివి 63 లేక 64 సెంటీమీటర్లు గలవి దొరుకుతాయి. తంత్రుల ఎత్తు పన్నెండవ మెట్టు వద్ద సన్నని తంత్రి కింద 3, లావు తంత్రి కింద 4 మిల్లీమీటర్లు ఉండడం మామూలే. నైలాను విశాలంగా కంపిస్తుంది, దానికి చోటు కావాలి.

డబ్బు పెట్టవలసినది పైపలకకు. పొరలు అతికిన ప్లైవుడ్ కాక, అసలు కొయ్య పలక ఉన్నదేమో నాదపు రంధ్రం అంచు చూస్తే తెలుస్తుంది. కొయ్య చార పైనుండి కిందికి తెగకుండ సాగాలి. స్ప్రూస్ పలక స్ఫుటంగా పలుకుతుంది, కాలం గడిచినకొద్దీ విచ్చుకొంటుంది. 1960 దశకంలో మాద్రిద్‌కే చెందిన మూడవ హొసె రామీరెస్ వాడుకలోకి తెచ్చిన ఎఱ్ఱ సీడర్ మొదటి రోజు నుండే వెచ్చగా పలుకుతుంది. ఉక్కు పలుకుకు అలవాటుపడిన చెవికి ముందు స్ప్రూస్ నచ్చుతుంది. రెండూ విని నిర్ణయించండి. గట్టిగా బాది చూడడం కాదు, మొదటి తంత్రిని పైమెట్ల వద్ద మెల్లగా మీటి, ఆ స్వరం ఎంతసేపు నిలుస్తుందో వినండి. చవకవాద్యం గుట్టు అక్కడే బయటపడుతుంది.

వెనుకపలకకు ఒకప్పుడు బ్రెజిల్ రోజ్‌వుడ్ శ్రేష్ఠమనేవారు. ఆ కొయ్య దుర్లభమై, 1992లో అంతర్జాతీయ వాణిజ్యం నిషిద్ధమైన తరువాత, మన దక్షిణాది అడవుల జిట్రేగి ఆ స్థానాన్ని నిలబెట్టుకొన్నది. విదేశాల నుండి వచ్చిన గిటారు వెనుకభాగం మన కొయ్యే కావడం అరుదు కాదు. కాని పైపలక చలిదేశపు కొయ్య. మన మే నెల ఎండకు అది బిగుసుకొని పగులుతుంది. వేసవిలో గిటారును గోడకు వేలాడదీయక, పెట్టెలో ఉంచి, తడిపి పిండిన స్పాంజిని చిల్లుల డబ్బాలో పెట్టి పక్కన ఉంచాలి. ఇక తంత్రులు కొత్తగా కట్టిన వారం పదిరోజులు సాగుతూనే ఉంటాయి, పూటకు రెండుసార్లు బిరడ తిప్పవలసి వస్తుంది. శ్రుతి నిలవలేదని వాద్యాన్ని దుకాణానికి తిరిగి మోసుకుపోకండి.