మచిలీపట్నం: జనసంఖ్య తగ్గుదల – చారిత్రక నేపథ్యం

ఉపోద్ఘాతం:
కృష్ణాజిల్లా కేంద్రమైన మచిలీపట్నాన్ని ప్రజలు వాడుకలో బందరు అంటారు. రేవు అనే అర్థమున్న పారశీక పదమే ఊరిపేరుగా స్థిరపడింది. 2001 జనగణనలో ఈ పట్టణ జనాభా సుమారు 1,80,000. 2011 నాటికి అది 1,69,892కు తగ్గింది. అదే దశాబ్దంలో విజయవాడ జనాభా 10 లక్షలు దాటింది. ఈ వ్యత్యాసానికి మూలాలను నగరచరిత్రలో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రేవు – జనసమ్మేళనం:
గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇది రాజ్యానికి ప్రధానమైన రేవు. 17వ శతాబ్ది ఆరంభంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, అటుపై ఫ్రెంచివారు ఇక్కడ వర్తకస్థావరాలు నెలకొల్పారు. కలంకారీ వస్త్రాలు పారశీక దేశానికీ ఐరోపాకూ ఎగుమతి అయ్యేవి. నేతగాళ్లు, అద్దకంపనివారు, విదేశీ వర్తకులు, ఓడపనివారు కలిసి ఊరి జనాభాకు వైవిధ్యాన్ని తెచ్చారు. నేటికీ తెలుగుతోపాటు ఉర్దూ ఇక్కడి వీధులలో వినిపించడం, బందరుకోటలో డచ్చివారి సమాధులు ఉండడం దానికి ఆనవాళ్లు.

రేవు క్షీణత:
1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారని అంచనా. అయితే క్షీణతకు ఉప్పెన ఒక్కటే కారణం కాదు. తీరంలో లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకును పడవలలో చేరవేయవలసివచ్చేది. ఇంగ్లండు మిల్లుబట్టలు చేతి అద్దకాన్ని దెబ్బతీశాయి. కృష్ణపై రైలువంతెన పూర్తయ్యాక బెజవాడ కూడలిగా ఎదిగింది. 1933లో విశాఖపట్నం రేవు ప్రారంభమైంది.

విద్య – వలస:
రేవు వెలవెలబోయాక ఊరిని నిలబెట్టినవి విద్యాసంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు. 1843లో నోబుల్ పాఠశాల, 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్య స్థాపించిన ఆంధ్రాబ్యాంకు ఇక్కడే పుట్టాయి. తరువాత ఆ బ్యాంకు ప్రధాన కార్యాలయం హైదరాబాదుకు తరలింది. చదువుకున్నవారి దారీ అదే అయింది. చదువు చెప్పిన ఊరు అందరికీ ఉద్యోగం చూపలేకపోయింది. కలంకారీ అద్దకానికి ఇప్పుడు సమీపంలోని పెడన కేంద్రం. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు, చేపలవేట, కలెక్టరేటు, న్యాయస్థానాలు, కళాశాలలు నేటి పట్టణజీవనానికి ఆధారాలు.

ముగింపు:
బందరు ప్రశాంతత సహజగుణం కాదు. వర్తకం, పరిశ్రమ, చదువుకున్న యువతరం ఒకదాని వెంట ఒకటి తరలిపోగా మిగిలిన స్థితి. 2023లో కొత్త రేవు నిర్మాణపనులు మొదలయ్యాయి. రేవు వస్తే జనం నిలుస్తారన్న ఆశకు చరిత్ర పూర్తి హామీ ఇవ్వదు. పాత రేవు జనాన్ని పోషించింది ఓడల వల్ల మాత్రమే కాదు, ఆ ఓడలకెక్కే సరుకు ఈ ప్రాంతపు చేతులలో తయారైనందువల్ల. యంత్రాలతో నడిచే రేవుకు తోడు స్థానిక ఉత్పత్తి పెరిగినప్పుడే జనాభా లెక్కలలోని తగ్గుదల ఆగే అవకాశముంది.