హిట్ చార్టులు, రికార్డు కంపెనీలు: లెక్క వెనుక కథ

కొత్త గాయకుడి పాట చార్టు ఎక్కిందంటే జనం మెచ్చారనే అనుకుంటాం. అమెరికా చార్టుల చరిత్ర చదివాక ఆ నమ్మకం నిలవదు. చార్టు దేన్ని లెక్కిస్తుందో రికార్డు కంపెనీలు ముందే కనిపెట్టి, ప్రచారం ఖర్చు అక్కడే పెడుతూ వచ్చాయి.

బిల్‌బోర్డ్ పత్రిక ‘హాట్ 100’ 1958 ఆగస్టులో మొదలైంది. రేడియోలో పాట ఎంతగా మోగిందన్నది అందులో ఒక కొలమానం. ఏ రికార్డు వేయాలో తేల్చేది చాలాచోట్ల డిస్క్ జాకీయే కనుక కంపెనీల డబ్బు అతని జేబులోకి చేరింది. ‘పేయోలా’గా పేరుపడ్డ ఈ లంచాల గొడవ రేగినప్పుడు, డబ్బు తీసుకోలేదని సంతకం పెట్టడానికి నిరాకరించిన అలన్ ఫ్రీడ్ 1959లో న్యూయార్క్ రేడియో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1960 నాటి చట్ట సవరణలో ఒక మెలిక ఉంది. డబ్బు తీసుకుని పాట వేయడాన్ని అది నిషేధించలేదు. ఆ సంగతి ప్రసారంలో చెప్పకపోవడాన్ని నేరం చేసింది. నా దృష్టిలో ఈ చర్చకంతటికీ కీలకం అదే.

చట్టం వచ్చాక దారులు మారాయి. కంపెనీకీ స్టేషన్‌కీ మధ్య ‘స్వతంత్ర ప్రమోటర్లు’ వెలిశారు. న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ దర్యాప్తుతో 2005లో సోనీ బీఎంజీ కోటి డాలర్లు చెల్లించి రాజీకి వచ్చింది. శ్రోతల పోటీల పేరుతో స్టేషన్ సిబ్బందికి బహుమతులు అందాయని, అభిమానుల్లా ఫోన్ చేసి పాట అడగడానికి మనుషుల్ని పెట్టారని ఆ దర్యాప్తు తేల్చింది. అన్నిటికంటే విడ్డూరం, ప్రకటనల సమయం కొని అందులో పాట మొత్తం వేయించడం. అర్ధరాత్రి దాటాక రేటు తక్కువ, వినేవాళ్లూ తక్కువే. అయినా ప్రసారాల సంఖ్యను బట్టి వేసే చార్టుల్లో తెల్లవారుజామున మూడింటికి మోగిన పాటా, సాయంత్రం ఆరింటికి మోగిన పాటా ఒకటే.

కొలత మారితే జాబితా ఎంత మారుతుందో 1991 చూపించింది. అంతవరకు అమ్మకాల లెక్క దుకాణాలవాళ్లు చెప్పిన మాటే. ఆ ఏడాది సౌండ్‌స్కాన్ బార్‌కోడ్ లెక్కలు వచ్చాయి. కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ ఆల్బమ్ నేరుగా మొదటి స్థానంలో దిగింది. ర్యాప్ ఆల్బమ్‌లూ పైకొచ్చాయి. ఆ శ్రోతలు అప్పుడు కొత్తగా పుట్టుకు రాలేదు. అంతకుముందు వాళ్లను సరిగా లెక్కపెట్టలేదు, అంతే.

మన దగ్గరి ఉదాహరణ 2019 నాటిది. బాద్షా ‘పాగల్’ పాటకు 24 గంటల్లో 7.5 కోట్ల వ్యూస్ వచ్చాయని ప్రకటించుకున్నారు. ప్రకటనలు కొని తెచ్చుకున్న వ్యూస్ అందులో ఉన్నాయని తేలడంతో పెద్ద చర్చ రేగింది. ఆ సెప్టెంబరులో యూట్యూబ్ 24 గంటల రికార్డులకూ, మ్యూజిక్ చార్టులకూ ప్రకటనల వ్యూస్‌ను లెక్కించబోమని చెప్పింది. తెలుగు లిరికల్ వీడియో పోస్టర్ల మీద మెరిసే అంకెలను ఈ నేపథ్యంలోనే చదవాలి.

ఇప్పుడు చేతులు మారేది నగదు కానక్కర్లేదు. 2020లో స్పాటిఫై ప్రకటించిన ‘డిస్కవరీ మోడ్’లో, తక్కువ రాయల్టీకి ఒప్పుకుంటే పాటను సిఫార్సుల్లో ముందుకు తెస్తారు. పేరున్నవాళ్లు ఆ కోత తట్టుకుంటారు. రాయల్టీ నుంచి అడ్వాన్సే ఇంకా తీరని కొత్త గాయనికి అది పెద్ద దెబ్బ. వినేవారికి మాత్రం ఆ పాట పక్కన ఏ గుర్తూ కనిపించదు. 1960 నాటి నియమం రేడియో, టీవీ ప్రసారాలకే పరిమితం. దాన్ని స్ట్రీమింగ్ యాప్‌లకూ వర్తింపజేయాలి. ఆ సమాచారం పాట పేరు పక్కనే కనిపించాలి.